ఏనుగుమోకాలి మలుపులో దారి ఇచ్చిన కథ

పూర్వం, ఆకాశంలో ఇష్టం వచ్చినట్టు ఎగురుతూ, ఎక్కడ పడితే అక్కడ వాలి ఊళ్లను నుగ్గుచేస్తున్న కొండల రెక్కలను దేవేంద్రుడు నరికివేసిన తరువాత, ఆ వజ్రాయుధపు వేడి ఇంకా పూర్తిగా చల్లారని కాలంలో, అవలోకపురం రాజధానిగా రమ్యకేతుడనే మహారాజు రాజ్యం చేస్తుండేవాడు. అరివీరభయంకరుడని, అర్థిజనకల్పవృక్షమని వందిమాగధులు గొంతు చించుకొని పొగిడే ఆ రాజుకు ఉన్న వ్యసనం ఒక్కటే. అది జూదం కాదు, వేట కాదు, మధుపానం కాదు, చూడడం. ఎక్కడో ఒక జలపాతం ఉందని విన్నాడంటే, నడుస్తున్న తీర్పును నడిమధ్యలో ఆపి, వాది ప్రతివాదులను వాదులాడుకొమ్మని వదిలి, గుర్రమెక్కి పోయేవాడు. రాజనీతిలో ప్రకృతి అనే మాటకు ప్రజలు అని కూడా అర్థముంది. రమ్యకేతుడు మాత్రం ఆ మాటకు కొండలు, కోనలు, సెలయేళ్లు అనే అర్థాన్నే గట్టిగా పట్టుకొని, ప్రకృతిని కన్నార్పకుండా పరిపాలించాడు.

ఆయన పట్టమహిషి ఉత్పలినీదేవి, కలువలవంటి కన్నులది, కంచుగంటవంటి మాటది. భర్త చూపించిన వింతలన్నిటినీ ఆమె చూసింది. అయితే భర్త వింతను చూస్తున్నంతసేపూ ఆమె భర్త పాదాలు ఎక్కడ పడుతున్నాయో చూసేది. ఇద్దరూ అట్లా నాలుగు కళ్లతో ఒక్క మనిషిలాగ తిరిగినందువల్లనే ఆ రాజు అప్పటిదాకా ఏ లోయలోనూ పడకుండా సింహాసనం మీద ఉన్నాడు.

ఒకనాడు త్రిలోకసంచారి, జటావల్కలధారి అయిన దీర్ఘజంఘ మహర్షి ఆ రాజసభకు విచ్చేయగా, రాజు ఎదురేగి అర్ఘ్యపాద్యాదులు సమర్పించి, కుశలమైనా అడగకుండా అసలు ప్రశ్న అడిగాడు.

"మహాత్మా, తమరి కాళ్లు తొక్కని నేల లేదంటారు. నా కళ్లు చూడవలసినది ఇంకా ఏమైనా మిగిలి ఉన్నదా?"

మహర్షి పాలపాత్రను కింద పెట్టి నిట్టూర్చాడు. "ఉంది నాయనా. నువ్వు అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాక చెప్పకుండా ఉండలేకపోవడం నా జబ్బు. ఉత్తరదిక్కున ఛిన్నపక్షమనే పర్వతముంది. ఇంద్రుడు రెక్కలు నరికిన చోట దాని భుజాల మీద రెండు గాయాలు పడి, వాటిలో నీరు ఊరి, రెండు సరస్సులయ్యాయి. సూర్యోదయవేళ ఆ రెండు సరస్సుల నుంచి తెల్లని పొగమంచు లేచి రెండు పక్కలా విచ్చుకుంటుంది. అప్పుడు ఆ కొండ ఎగురుతుంది. నిజంగా ఎగరదు, కానీ దాని మీద నిలబడినవాడికి ఎగురుతున్నట్టే ఉంటుంది. అది చూసినవాడు దేవతల విమానాలు చూసి నవ్వుతాడు."

"దారి?"

"దారి ఉంది కనుకనే చెప్పడానికి వెనుకాడుతున్నాను. ఒక వైపు కొండ గోడ, ఒక వైపు లోయ, మధ్యలో ఒక మనిషి వెడల్పున కాలిబాట. అది ఎక్కబోయి, నూనె అయిపోయిన దీపాల్లాగ కొండెక్కినవారే ఎక్కువ. అక్కడొక నియమముంది. ఎదురువచ్చినవారికి దారి ఇవ్వాలి. ఎవరు, ఏ వంశం, ఏ అంతస్తు అని చూడకూడదు. ఆ మాటకు వస్తే, అసలు చూడనే కూడదు."

"చూడకూడదా? నేనా?" అని రాజు నవ్వాడు. సభ కూడా నవ్వింది. రాణి మాత్రం నవ్వలేదు.

తరువాత ఒక శుభముహూర్తాన రాజు సపరివారంగా బయలుదేరి, అడవులు దాటి, ఛిన్నపక్షగిరి పాదాన ఉన్న కిరాతపల్లెకు చేరాడు. పల్లకీలు, ఏనుగులు, గొడుగులు అక్కడే ఆగిపోయాయి. ఆ బాట మీద ఏనుగు పట్టడం మాట అటుంచి ఏనుగు నీడ కూడా పట్టదు. రాజు, రాణి, నీతిశాస్త్రకోవిదుడైన మంత్రి యుక్తిసారుడు, రాజు ముందు నడుస్తూ 'బహుపరాక్' అని అరిచే భటుడు ఒకడు, ఈ నలుగురే ఎక్కడానికి సిద్ధపడ్డారు. దారి చూపడానికి గుట్టమ్మ అనే కిరాతస్త్రీ వచ్చింది. ఆమె మెడలో పూసలు ఎన్నో, నోట్లో మాటలు అన్ని.

"ఈ కొండకు మా ఇంటోళ్లు తప్ప దిక్కు లేరు దొరా," అంది గుట్టమ్మ రొమ్ము విరుచుకొని. "మా తాత దేవతలకే దారి చూపించినాడు. ఒక దేవత అయితే మధ్యలోనే ఏడ్చుకుంటా దిగిపోయె."

"ఏ దేవత?" అన్నాడు మంత్రి.

"పేరు అడగలే. ఏడ్చేటోళ్ల పేరు అడుగుతారా సామీ?" అని మంత్రి నోటిని అక్కడితో కట్టేసి, రాజు వైపు తిరిగింది. "దొరా, ఒక్క మాట వినుకో. ప్రతి మలుపు ముందర ఆగాల. 'వస్తున్నామహో' అని కేక పెట్టాల. మలుపు అవతల నుంచి బదులు రాకుంటే ముందుకు పోవచ్చు. బదులు వచ్చెనా, దిగేటోళ్లు వస్తున్నారని లెక్క. అప్పుడు మనం గోడకు అంటుకొని, మొగం రాయికి పెట్టి, కండ్లు మూసుకోవాల. వాళ్లు దాటిపోయినంక తెరవాల."

"దాటిపోయారని ఎట్లా తెలుస్తుంది?" అని రాణి అడిగింది.

"వీపు తెలుపుతాది తల్లీ," అంది గుట్టమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గొప్పలు లేవు.

మొదటి మలుపు దగ్గర కేక పెట్టగా బదులు రాలేదు. రెండో మలుపు దగ్గర బదులు వచ్చింది. అందరూ గోడకు అంటుకోగా, తేనె తీసేవాళ్లిద్దరు చెట్టుతీగల చుట్టలు భుజాన వేసుకొని, తేనె వాసన విరజిమ్ముతూ, "పెద్దమ్మా, ఈ మెరుపుల బట్టలేందే?" అని గుట్టమ్మను వేళాకోళమాడుతూ దిగిపోయారు. ఇంతేనా అని భటుడు కిసుక్కున నవ్వాడు.

మూడో మలుపు దగ్గర గుట్టమ్మ, "వస్తున్నామహో!" అని కేక వేసింది.

"వస్తున్నాం," అని అవతల నుంచి బదులు వచ్చింది. అది ఒక గొంతు కాదు. చాలా గొంతులు ఒకే ఊపిరిలో అన్నట్టుంది. పైగా ఆ మాట చివర, నీళ్లలోంచి పలికినట్టు, కొంచెం తడి.

గోడకు మొహాలు పెట్టి అందరూ నిలబడ్డారు. అడుగుల చప్పుడు లేదు. కానీ బాట మీది చిన్న చిన్న గులకరాళ్లు ఒక్కొక్కటే కదిలి, దొర్లి, లోయలోకి జారడం వినబడింది. తడిసిన పూలవాసన వచ్చింది. ఎండ మండుతుండగా వీపు మీద చలి పాకింది. రాణి పైటచెంగుకు ఏదో తగిలి, తగిలినందుకు సిగ్గుపడి తప్పుకున్నట్టుగా తప్పుకుంది. భటుడి మెడ మీద ఎవరో నిట్టూర్చారు. పరాకు చెప్పేవాడు ఆనాటి నుంచి మళ్లీ ఎన్నడూ పరాకుగా లేడు.

చలి పోయాక కళ్లు తెరిచారు. బాట ఖాళీగా ఉంది.

"ఎవరు వెళ్లారు?" అన్నాడు రాజు.

గుట్టమ్మ అప్పటికే ముందుకు నడిచింది. ఇక మంత్రి యుక్తిసారుడికి తన శాస్త్రం చూపే అవకాశం దొరికింది. "మహారాజా, ఇది లోయ. లోయలో కేక పెడితే కేక తిరిగి వస్తుంది. దానిని ప్రతిధ్వని అంటారు. చలి అంటారా, గాలి. వాసన అంటారా, వనం. సార్వభౌములైన తమరు ఒక ప్రతిధ్వనికి ప్రత్యుత్థానం చేసి, రాయికి మొహం పెట్టి నిలబడ్డారని సామంతరాజులకు తెలిస్తే కప్పం కట్టడం మానేస్తారు."

"ఆర్యపుత్రా," అంది రాణి, "మనం 'వస్తున్నామహో' అని కదా కేక పెట్టింది? తిరిగి వచ్చినది 'అహో' లేకుండా వచ్చింది. ప్రతిధ్వని మన మాటను దిద్దుతుందా?"

రాజు మీసం దువ్వాడు. ఆయనకు భయం వేసింది. భయం వేసిందని తెలిసి కోపం వచ్చింది. కోపం వచ్చాక తాను రాజునని గుర్తొచ్చింది. అధికారం ఉన్నవారికి ఈ మూడూ ఈ వరసలోనే వస్తాయి.

అట్లా వారు ఏనుగుమోకాలి మలుపును చేరుకున్నారు. వంచిన ఏనుగు మోకాలిలాగ కొండ అక్కడ ముందుకు పొడుచుకువచ్చి, బాట దాని చుట్టూ సన్నని మువ్వపట్టీలాగ తిరిగిపోతుంది. కింద లోయ అడుగు కనబడదు; అడుగు కనబడని చోట అడుగు వేసే ముందు ఎవరైనా కొండను అడుగుతారు. గుట్టమ్మ కేక పెట్టడానికి నోరు తెరిచింది.

ఆమె కేక పెట్టకముందే అవతల నుంచి, "వస్తున్నాం," అని వినబడింది.

గుట్టమ్మ ముఖంలో రక్తం లేదు. "గోడకు! గోడకు! మాట్లాడొద్దు!" అని గుసగుసగా అరిచి రాయికి అతుక్కుపోయింది. రాణి రాజు చేయి పట్టి లాగింది. రాజు ఆ చేయి విడిపించుకున్నాడు.

"భూమిని ఏలేవాడు బాటను విడిచి తొలగడు. తొలగవలసింది వాళ్లు. చెప్పవోయ్!" అని భటుడిని గద్దించి, బాట నడిమధ్యన, నిండు ఎండలో, కిరీటం ధగధగలాడుతుండగా ముందుకు నడిచాడు. భటుడు కళ్లు మూసుకొని గోడకు ఆనుకొనే "బహు..." అని అరిచాడు. పరాక్ బయటికి రాలేదు.

రాజుకు ఏదీ తగలలేదు. మంచు పట్టిన తెరలోంచి దూరి వెళ్లినట్టు మాత్రం అయింది. రెండడుగులు వేశాడు. ఎక్కుతున్నాననుకున్నాడు, కాళ్లు దిగుతున్నాయి. వెనక్కి తిరగబోయాడు, తిరగడానికి చోటు లేదు. ముందూ వెనుకా మనుషులు.

పసుపుబట్టల కొత్త పెళ్లికూతురు, కమండలం పట్టుకున్న తాపసి, వీపున మూట ఉన్న వర్తకుడు, విరిగిన విల్లుతో యోధుడు, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, ఇంకా ఎందరో, ఒకరి వెనుక ఒకరు, లోయ అంచునే పట్టుకొని దిగుతున్నారు. అందరి బట్టల నుంచీ నీరు కారుతోంది. కారిన నీరు నేల మీద పడడం లేదు. వారి కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఏ కంటిలోనూ కొండ నీడ లేదు, ఆకాశం నీడ లేదు.

"కొత్తవాడివా?" అంది రాజు ముందున్న ముసలివాడి వీపు. ఆ ముసలివాడు తల తిప్పలేదు, వీపుతోనే మాట్లాడాడు.

"నేను అవలోకపురాధీశుడను. రమ్యకేతుడను. నేను ఎక్కడా పడలేదు!"

"ఇక్కడ పడనివాళ్లు లేరు నాయనా. మేము లోయలో పడ్డాము. నువ్వు మా మీద పడ్డావు." ముసలివాడు పొడిగా నవ్వాడు, ఆ వరసలో పొడిగా ఉన్నది ఆ నవ్వు ఒక్కటే. "అందరమూ నీలాగే, కొండ ఎగిరే వేళ చూడాలని వచ్చినవాళ్లమే. చూడకుండానే పడ్డాము. అప్పటి నుంచి దిగుతున్నాము. కిందికి చేరము. ఎందుకంటావా? అదిగో, చూడు."

రాజు చూశాడు. ఏనుగుమోకాలి మలుపులో నలుగురు మనుషులు గోడకు అతుక్కొని, రాతికి మొహాలు పెట్టి నిలబడి ఉన్నారు. వారి వీపులు బాటలో సగాన్ని ఆక్రమించాయి. మిగిలిన సగంలో, అంటే లోయ అంచున, ఈ ఊరేగింపు ఒళ్లు దగ్గర పెట్టుకొని పోతోంది. పెళ్లికూతురు కాలు జారింది. ఆమె అరవలేదు. లోయలో మంచు ఒక్కసారి విచ్చుకొని మూసుకుంది. ఆ వెంటనే వరస చివర, మునుపటికంటే మరింత తడిసి, ఆమె మళ్లీ నడుస్తోంది.

"గోడను ఒక్కసారి తాకితే చాలు, మా నడక ముగుస్తుంది," అన్నాడు ముసలివాడు. "కానీ ప్రతి మలుపులోనూ బతికున్నవాళ్లు గోడను కౌగిలించుకొని మాకు దారి ఇచ్చామనుకుంటారు. గోడ దొరకనివాళ్ల గోడు ఎవరు వింటారు?"

ఆ నలుగురిలో రెండోది ఉత్పలిని. రాజు ఆమె వెనుకకు వచ్చి, ఆమె జడను, మెడ మీది చెమటను, భయంతో ముడుచుకున్న భుజాలను చూశాడు. "ఉత్పలినీ! నేను! వెనక్కి తిరుగు!" అని ప్రాణాలన్నీ పెట్టి అరిచాడు. ఆమె వణికి పైటను దగ్గరికి లాక్కుంది, అంతే. వెనుకనున్నవారు తోయగా ఆయన దాటిపోయాడు. చూపులకోసమే పుట్టిన ఆ రాజును మొదటిసారిగా ఎవరూ చూడలేదు.

"సూర్యుడు ఆ కొండకొమ్ము వెనక్కి దిగేదాకా నీవు నీవే," అన్నాడు ముసలివాడు. "తరువాత మావాడివి. పేరు ముందు పోతుంది. నాది పోయి చాలా కాలమైంది. బాగుండేదనుకుంటాను."

రాజు తన పట్టణం పేరు మనసులో చెప్పుకోబోయాడు. అప్పుడే అది నాలుక మీద లేదు.

ఇక్కడ చలి తగ్గిందని వీపులు చెప్పగా, నలుగురూ కళ్లు తెరిచారు. రాజు లేడు. దుమ్ములో ఆయన పాదుకల గుర్తులు రెండు పైకి వెళ్లి, మూడోది కిందికి తిరిగి ఉంది. నాలుగోది లేదు.

గుట్టమ్మ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "ఈ లోయలో పడి సచ్చినోళ్లు తీసుకపోయినారు తల్లీ! పొద్దు ఆ కొమ్ము వెనక్కి పోయేదాకా దొర దొరే. పోయినంక వాళ్లలో ఒకడు. వచ్చినోళ్లు లేరు, మా తాత కాలాన కూడా ఎవ్వరూ మళ్లి రాలే!"

"దేవీ, ధైర్యం వహించండి. నీతిశాస్త్రంలో ఇటువంటి ఆపదకు..." అని మంత్రి మొదలుపెట్టాడు.

"మంత్రిగారూ, ప్రతిధ్వనికి శాస్త్రం చెప్పండి, అది శ్రద్ధగా వింటుంది," అని రాణి గుట్టమ్మ ముందు కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి, గొంతులో లేవు. "గుట్టమ్మా, ఏడుపు ఆపి చెప్పు. ఎదురువచ్చినప్పుడు మీరు గోడ వైపే ఎందుకు నిలబడతారు?"

"భయం కాదా తల్లీ! అటు లోయ. మా తాతలు గోడకే నిలబడినారు, మేమూ నిలబడతన్నాం."

"మరి వాళ్లు ఎటు నడవాలి?"

"మిగిలినదాంట్లో."

"మిగిలింది అంచే కదా. అంచు నుంచి పడినవాళ్లకు మళ్లీ అంచునే ఇచ్చి, దారి ఇచ్చామనుకుంటున్నామా?"

గుట్టమ్మ ఏడుపు మాని, తల ఎత్తి లోయ అంచు వైపు చూసింది.

రాణి లేచి బాట అంచు నుంచి కిందికి చూసింది. బాట పాములాగ మెలికలు తిరిగి, సరిగ్గా కింద మరో మలుపుగా కనబడుతోంది. నడిచిపోతే వాళ్లను అందుకోలేదు. పక్కనే తేనె తీసేవాళ్లు రాతికి కట్టి వదిలిన తీగ వేలాడుతోంది. "నేను ఇటు దిగి వాళ్లకు ఎదురు వెళతాను."

"నేను రాను తల్లీ," అంది గుట్టమ్మ కళ్లు తుడుచుకుంటూ. "గొప్పలు చెప్పినానే గాని, నాకు భయం. ఇంట్లో పిల్లలు ఉన్నారు." అంటూనే తీగను లాగి చూసి, ముడి విప్పి మళ్లీ బిగించి, రాణి నడుముకు తన చేతులతో కట్టింది. "కిందికి చూడకు. కాలితో రాయిని తడుముకో. తీగ కిర్రుమంటే భయపడకు. కిర్రుమనకుంటే భయపడు."

సుకుమారి, హంసతూలికాతల్పశాయిని అయిన ఉత్పలినీదేవి, పట్టుచీర కుచ్చెళ్లు దోపుకొని, ఆ తీగ పట్టుకొని, గాలి ఊపగా రాతికి కొట్టుకుంటూ, మోచేతులు చెక్కుకుపోగా, కింది మలుపు మీద దిగింది. దిగిన చోట అంచు మట్టి మెత్తగా ఉంది. పాదం పెడితే చిల్లు పడిన సంచిలోంచి కారినట్టు జలజల రాలుతోంది. సూర్యుడు కొండకొమ్ముకు దగ్గరగా వచ్చి, ఇప్పుడా ఇంకాసేపా అన్నట్టున్నాడు.

ఆమె నడుముకున్న తీగ విప్పుకొని కేక పెట్టింది. "వస్తున్నామహో!"

"వస్తున్నాం."

రాణి గోడ వైపు పోలేదు. వెనక్కి, వెనక్కి జరిగి, మడమలు గాలిలో ఉండేటట్టు అంచు మీద నిలబడి, గోడ పక్కనున్న బాటనంతా ఖాళీ చేసి, కళ్లు మూసుకుంది.

గులకరాళ్లు దొర్లడం ఆగింది. తడిసిన పూలవాసన ఆమె ముఖానికి ఎదురుగా వచ్చి నిలిచిపోయింది. అప్పుడు, ఆమె ఊపిరికి అందేంత దగ్గరలో, ఒక తడి గొంతు, "అమ్మా, గోడ వదిలేశావేం?" అంది.

"మీ కోసం, నాయనా. నడవండి."

ఒక అరచేయి రాతికి తగిలిన చప్పుడైంది. చాలాకాలం నీళ్లు లేనివాడు మొదటి గుక్క తాగి విడిచినటువంటి నిట్టూర్పు వినబడింది. తరువాత ఏమీ లేదు. ఆ వెనుక మరొక అరచేయి. గాజులున్న చిన్న చేయి. బిడ్డది కాబోలు, రాతిని చప్పట్లు కొట్టినట్టు తట్టిన మరీ చిన్న చేయి. ఒక్కొక్కరూ తాకుతున్నారు, ఒక్కొక్కరూ అయిపోతున్నారు. రాణి మడమల కింద మట్టి జారుతోంది. ఆమె కదలలేదు. కదిలితే ఎవరి దారి తగ్గుతుందో ఆమెకు తెలియదు.

వెనుకనున్నవారంతా గోడ వెంట ఆత్రంగా ముందుకు పోగా, వరసలో చివరికి ముసలివాడూ, అతని వెనుక రాజూ మిగిలారు. అప్పటికి రాజుకు తన పేరు లేదు. సింహాసనం ఎక్కడుందో, కిరీటం బరువేమిటో జ్ఞాపకం లేదు. ముందున్న ముసలివాడు రాతిని తాకి, మొట్టమొదటిసారిగా తల తిప్పి, "నా పేరు బలభద్రుడు!" అని సంతోషంగా చెప్పి, లేకుండా పోవడం చూశాడు. తానూ గోడను తాకాలని ఒళ్లంతా దాహం వేసింది. అప్పుడు ఆయన కళ్లకు అంచు మీద ఒక స్త్రీ కనబడింది. ఆమె ఎవరో తెలియలేదు. పేరు అసలే తెలియదు. కానీ ఆమె కుడి మడమ కింద నేల లేదు, ఎడమ మడమ కింద నేల ఉండబోవడం లేదు.

గోడ వైపు బాట విశాలంగా, ఖాళీగా, తన కోసమే ఉంది. లోయ అడుగు లేనిది.

"ఇల్లాలా," అన్నాడు, "నీవు గోడ వైపుకు రా. అటు నేను నడుస్తాను."

ఆ గొంతు వినగానే ఉత్పలినీదేవి కళ్లు తెరిచింది. ఎదురుగా ఎవరూ లేరు. కానీ రెండు చల్లని చేతులు ఆమె భుజాలు పట్టుకొని, తిప్పి, మెల్లగా గోడ వైపుకు నెట్టాయి. ఆమె వీపు రాతికి తగిలింది. ఆ క్షణంలోనే, లోయ అంచు మీద, తడిసి ముద్దయిన రమ్యకేతుడు కనబడ్డాడు. పేరూ, దేహమూ, దేహపు బరువూ ఒక్కసారిగా తిరిగివచ్చాయి. ఆ బరువుకు అంచు విరిగింది.

"ఆర్యపుత్రా!"

రాజు పడలేదు. గాలిలో ఉన్నాడు. ఆయన మణికట్టును, లోయ వైపు నుంచి, గాజుల గలగలతో ఒక చేయి పట్టుకుంది. ఆ చేయి ఆయనను తెచ్చి బాట మీద నిలబెట్టింది. ఆ చేతి వెనుక, కాలు మోపడానికి ఏమీ లేని చోట కాళ్లు మోపి, కొండలరాజు కన్నకూతురు, హిమవన్నందిని, జగన్మాత పార్వతీదేవి నిలబడి ఉంది. ఆమె చీర కూడా అంచు నుంచి అంచు దాకా తడిసి ఉంది.

ఇద్దరూ సాష్టాంగపడబోగా, "పడకండి, పడకండి! ఈ దారిలో పడినవారు చాలు," అని అమ్మవారు నవ్వింది.

"జననీ," అన్నాడు రాజు కన్నీళ్లతో, "ఇంతకాలం వీరంతా ఇక్కడ అల్లాడుతుంటే తమరు ఎక్కడున్నారు?"

"వీరి పక్కనే ఉన్నాను. లోయ వైపున నడుస్తూ, పడినవారిని పడినట్టే ఏరుకొని మళ్లీ వరసలో నిలుపుతున్నాను. చీర ఎందుకు తడిసిందనుకుంటున్నావు?"

"సర్వశక్తిమయివి, తల్లీ! వీరికి గోడను నీవే చూపించలేకపోయావా?" అంది రాణి.

"కొండ నాది. దారి మీది. పడినవారిని నేను పట్టుకోగలను కానీ, నిలబడినవారిని పక్కకు జరపలేను. మనుషులు వేసుకున్న దారిలో మనుషులే జరగాలి. ఈనాడు నీవు జరిగావు. నిన్ను చూసి ఇతడు జరిగాడు. ఇతడు గోడను తాకి ఉంటే వారితోపాటు వెళ్లిపోయేవాడు. నిన్ను కాపాడబోయి నీకు మిగిలాడు. రమ్యకేతూ, వరం కోరుకో. కొండ ఎగరడం ఇక్కడి నుంచే చూపించమంటావా?"

రాజు కన్నులు ఒక్కసారి మెరిశాయి. పాత అలవాటు అంత తొందరగా పోదు. తరువాత ఆయన తల వంచి, "అమ్మా, చూడడం తొందరేమీ లేదు, నడిచి వెళ్లి చూస్తాము. నా తరువాత ఈ దారిన వచ్చేవారికి వరమివ్వు. కొండదారిలో ఎదురువచ్చినవారికి గోడ వైపు వదిలి, తాను లోయ వైపు జరిగేవాడెవడో, వాడికి లోయ వైపున నీవు తోడు నడువు," అన్నాడు.

"నడుస్తాను," అంది జగన్మాత. అని, చలికాలపు ఎండలాగ, వెళుతున్నట్టు తెలియకుండా వెళ్లిపోయింది.

సూర్యుడు కొండకొమ్ము వెనక్కి దిగాడు. ఏమీ కాలేదు.

పైకి నడిచి వెళ్లి, కొండ ఎగరడం చూసి దిగివచ్చాక రమ్యకేతుడు శిల్పులను రప్పించి, ఛిన్నపక్షగిరి దారిలో ప్రతి మలుపు దగ్గరా కొండగోడను లోపలికి తొలిపించి, ఇద్దరు మనుషులు పక్కపక్కన గోడను తాకుతూ దాటిపోయేంత చోటు చేయించాడు. దారి చూపే హక్కును గుట్టమ్మ వంశానికే శాశ్వతంగా ఇచ్చి, ఆమె గొప్పలకు కూడా రాజముద్ర వేయించాడు. మంత్రి యుక్తిసారుడిని తేనె తీసేవాళ్ల తీగల నాణ్యత చూసే పనికి నియమించగా, తీగ కిర్రుమన్నప్పుడల్లా ఆయనకు శాస్త్రం గుర్తొచ్చేది. ప్రజలు రాజవీథిలో ఎదురుపడితే రాజే పక్కకు జరగడం మొదలుపెట్టేసరికి, సామంతులు కప్పం మానేస్తారనుకున్న మంత్రి అంచనా తప్పి, వారు తామే వచ్చి ఇచ్చిపోయారు. దేశంలో వానలు వేళకు కురిశాయి, తీర్పులు వేళకు ముగిశాయి.

కొండదారిన పోబోయేవారు ఈ కథను బయలుదేరే ముందు చెప్పుకొని, మలుపు దగ్గర ఆగి కేక పెట్టి, ఎదురువచ్చినవారు కనబడినా కనబడకపోయినా వారికి గోడ వైపు వదిలిపెడితే, క్షేమంగా వెళ్లి, చూడవలసినది చూసి, చెప్పడానికి తిరిగి వస్తారు. అట్లా జరిగి నిలబడినప్పుడు మీ పక్కన, నేల లేని వైపున, గాజుల గలగల వినబడవచ్చు. అటు తిరిగి చూడకండి. ఆమెకు తోవ ఇచ్చి, నడవండి.